క్రమం ఎవరు నిర్ణయించారు?

ఒక పట్టికలో ఏముందన్నది ఎంత ముఖ్యమో, అందులో ఏది ముందుందన్నదీ అంతే ముఖ్యం. పశ్చిమ ప్రకాశంలోని ఊళ్ల పేర్లన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాసి, ప్రతి ఊరికీ ఎదురుగా అక్కడి బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో నమోదు చేశారనుకుందాం. ఊళ్లను అక్షర క్రమంలో పెడితే అది పేరు వెతుక్కోవడానికి పనికొచ్చే జాబితా. ఫ్లోరైడ్ ఎక్కువ నుంచి తక్కువకు పెడితే అదే జాబితా మంచినీళ్లు ముందు ఎవరికి అందాలో చెప్పే పత్రమవుతుంది. అంకె ఒక్కటీ మారలేదు, ఊరు ఒక్కటీ పెరగలేదు. అయినా చదివే అధికారి చూపు మొదటి పది ఊళ్ల మీద నిలుస్తుంది. నిధులు మధ్యలో అయిపోతే పని ఆగేది అడుగున ఉన్న ఊళ్లకే. అంటే క్రమం ఒక నిర్ణయం. ఆ నిర్ణయాన్ని మౌస్‌తో రెండు నొక్కులు నొక్కి తీసుకుంటే దాని జాడ ఎక్కడా మిగలదు. మాక్రోగా రాసి పెడితే మిగులుతుంది. మాక్రో వల్ల సమయం కలిసొస్తుందని అందరూ చెబుతారు, అది నిజమే. కానీ దాని అసలు విలువ వేరే చోట ఉందని ఈ అధ్యాయంలో నా వాదన: ఏ నియమం ప్రకారం క్రమం పెట్టామో మాక్రో రాతలో ఉంచుతుంది. రాతలో ఉన్న నియమాన్ని ఎవరైనా చదవగలరు, తప్పుంటే తప్పని చెప్పగలరు.

ముందు సార్టు అంటే ఏం జరుగుతుందో చూద్దాం. పట్టికలో అడ్డంగా ఉన్న ఒక్కో వరుస ఒక్కో ఊరికి చెందిన సమాచారం: మండలం, ఊరు, బోరు లోతు, నమూనా తీసిన తేదీ, ఫ్లోరైడ్. నిలువుగా ఉన్నవి కాలమ్‌లు. ఒక కాలమ్‌ను ఆధారంగా తీసుకుని వరుసలను మొత్తంగా కదిలించడమే సార్టు. ఇక్కడ ‘మొత్తంగా’ అన్న మాటే కీలకం. ఫ్లోరైడ్ కాలమ్‌ను మాత్రమే ఎంచుకుని, పక్క కాలమ్‌లను వదిలేసి సార్టు చేస్తే అంకెలు కదులుతాయి, ఊళ్లు కదలవు. తర్లుపాడు నీటిలోని ఫ్లోరైడ్ రాచర్ల పేరు పక్కకు చేరుతుంది. పక్క కాలమ్‌లను కూడా కలుపుకోమంటారా అని ఎక్సెల్ అడుగుతుంది, కానీ ఆ ప్రశ్నను చదవకుండా కొట్టిపారేయడం చాలా తేలిక. ఆ తర్వాత తెర మీద పట్టిక చక్కగా, క్రమంగా, నమ్మదగినట్టే కనిపిస్తుంది. ఫైలు భద్రపరిచి మూసేశాక పాత జతలను తిరిగి కలిపే దారి పట్టికలో ఎక్కడా ఉండదు.

ఫ్లోరైడ్ పట్టిక ఇంకో చిక్కును కూడా బయటపెడుతుంది. ఇది ఈ ప్రాంతానికి కొత్త సమస్య కాదు. భారతదేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి పెద్ద పరిశోధనను షార్ట్ బృందం 1937లో ప్రచురించింది. దానికి ఆధారం నాటి నెల్లూరు జిల్లా పల్లెలు. అప్పట్లో ఆ జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఏర్పడిన కొత్త జిల్లాలోకి వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి వచ్చి వాటితో కలిశాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా సహించవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. ఇప్పుడు పట్టికలో ఒక ఊరి ఎదుట 4.2 అనీ, ఇంకో ఊరి ఎదుట ‘0.2 కంటే తక్కువ’ అనీ, మరో ఊరి ఎదుట ‘1.8 మి.గ్రా.’ అనీ రాసి ఉన్నాయనుకోండి. ఇంకో ఊరికి పరీక్షే జరగలేదు, ఆ గడి ఖాళీ. మనిషి చదివితే నాలుగూ అర్థమవుతాయి. ఎక్సెల్‌కు మాత్రం 4.2 ఒక్కటే సంఖ్య; అక్షరాలు కలిసిన మిగతా రెండూ మాటలు. తక్కువ నుంచి ఎక్కువకు పేర్చేటప్పుడు అది సంఖ్యలన్నిటినీ ముందు పెట్టి, మాటలను వాటి తర్వాత పెడుతుంది. ఎక్కువ నుంచి తక్కువకైతే తలకిందులు చేసి మాటలను పైకి తెస్తుంది. అందువల్ల ‘ఎక్కువ నుంచి తక్కువకు’ అన్న జాబితాలో 4.2 ఉన్న ఊరి కంటే 0.2 కూడా లేని ఊరు పైకి ఎక్కుతుంది. ఖాళీ గడుల సంగతి ఇంకా విచిత్రం. ఏ దిశలో పేర్చినా ఎక్సెల్ వాటిని అడుగుకే పంపుతుంది. అసలు పరీక్షే చేయని ఊరు, ప్రమాదం లేని ఊరి కంటే కూడా కిందికి చేరి కనుమరుగవుతుంది. యంత్రం తప్పు చేయలేదు, తన నియమం తాను పాటించింది. ఆ నియమం మన అవసరానికి సరిపోతుందా అని ఎవరూ అడగకపోవడమే అసలు లోపం.

అలా అడగాల్సి వచ్చినప్పుడే మాక్రో పనికొస్తుంది. మాక్రో అంటే స్ప్రెడ్‌షీట్ చేయాల్సిన పనుల వరసను ఒకచోట రాసి, దానికొక పేరు పెట్టి, పిలిచినప్పుడల్లా అదే తీరుగా చేయించుకోవడం. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తెచ్చిన విసికాల్క్‌తో స్ప్రెడ్‌షీట్ సామాన్యుల కంప్యూటర్ల మీదికి వచ్చింది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3లో మాక్రోలు కుదురుకున్నాయి. 1993లో ఎక్సెల్ 5తో విజువల్ బేసిక్ అనే పూర్తి స్థాయి భాష మాక్రోలకు దొరికింది. నేటికీ కార్యాలయాల్లో నడుస్తున్నది ఎక్కువగా అదే. అది నేర్చుకోని వారికి రికార్డర్ ఉంది: దాన్ని మొదలుపెట్టి మన పని మనం చేసుకుంటూ పోతే, మనం చేసే పనులను అది కోడ్‌గా రాసుకుంటుంది. మన ఫ్లోరైడ్ పట్టికకు తగిన మాక్రోను తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: పట్టిక మొత్తాన్ని తీసుకో; మొదటి వరుస శీర్షిక, దాన్ని కదిలించకు; ఫలితం గడి ఖాళీగా ఉంటే ‘పరీక్ష జరగలేదు’ అని పక్క కాలమ్‌లో రాసి ఆ ఊళ్లను అన్నిటికంటే పైన పెట్టు; అంకెతో పాటు అక్షరాలుంటే అంకెను విడదీసి వేరే కాలమ్‌లో పెట్టు; ఆ అంకెను బట్టి ఎక్కువ నుంచి తక్కువకు పేర్చు; సమానంగా ఉంటే మండలాన్ని బట్టి పేర్చు. ఇందులో ప్రతి వాక్యం ఒక నిర్ణయం. పరీక్ష జరగని ఊరు పైన ఉండాలా, విడిగా ఉండాలా అన్నది వాదించుకోవలసిన విషయమే. కానీ వాదించుకోవడానికి అది రాతలో కనబడుతోంది. చేత్తో చేసిన సార్టు మార్కాపురం పలక మీద వేసిన లెక్కలాంటిది: జవాబు మిగులుతుంది, వేసిన దారి తుడుచుకుపోతుంది.

ఈ మాట ఒక్క నీటి పట్టికతో నిలబడేది కాదు కాబట్టి, పశ్చిమ ప్రకాశంలో ఇంకా ఎక్కువగా వాడే పట్టిక దగ్గరికి వెళదాం. అది భూమి పట్టిక. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, ముఖ్య కలెక్టరైన థామస్ మన్రో కింద నలుగురు సహాయ కలెక్టర్లు పనిచేశారు. వారిలో ఒకరి కేంద్రం కంభం. పొలం పొలాన్నీ కొలిపించి, ఒక్కో పొలానికి గుర్తు పెట్టి, పన్ను లెక్క కట్టే పద్ధతి ఆ కాలంలో వేళ్లూనుకుంది. నేటి సర్వే నంబర్లు ఆ సంప్రదాయానికి వారసులే. పొలం పంచుకున్నప్పుడల్లా నంబరు చీలుతుంది: 12 కాస్తా 12/1, 12/2 అవుతుంది, 12/2 మళ్లీ 12/2ఎ, 12/2బి అవుతుంది. ఈ నంబర్లను ఎక్సెల్‌లో టైపు చేస్తే రెండు ప్రమాదాలు ఎదురవుతాయి. మొదటిది అక్షరాల పోలిక. నంబరును మాటగా పోల్చినప్పుడు యంత్రం ఎడమ నుంచి ఒక్కో గుర్తును చూస్తుంది. 1 తర్వాత 10, ఆ తర్వాత 100, ఎప్పటికో 2 వస్తాయి. 12/10 అన్నది 12/2 కంటే ముందుకొస్తుంది. వరుస పొలాలు వరుసగా ఉండవు, గట్టు పక్క గట్టు కనబడదు. రెండోది ఇంకా లోతైన గాయం. 12/3 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని తేదీగా భావించి మార్చి 12గా మార్చేస్తుంది. కంప్యూటర్‌లో అమెరికా పద్ధతి ఉంటే డిసెంబరు 3 అవుతుంది. 2024లో అలా టైపు చేసి ఉంటే లోపల నిలిచేది 45363 అనే సంఖ్య. 12/3ఎ మాత్రం తేదీలా కనిపించదు కనుక మాటగానే మిగులుతుంది. 145/2 కూడా అంతే, ఎందుకంటే 145వ రోజు ఏ నెలలోనూ లేదు. అలా ఒకే కాలమ్‌లో సగం సర్వే నంబర్లు తేదీలు, సగం మాటలు. సార్టు చేస్తే తేదీలన్నీ ఒక గుంపు, మాటలన్నీ ఇంకో గుంపు. ఒకే సర్వే నంబరు నుంచి చీలిన అన్నదమ్ముల పొలాలు జాబితాలో రెండు చివరలకు చేరతాయి.

ఇది పల్లె గుమస్తా అజాగ్రత్త అని తీసిపారేసేవారికి ఒక ఉదాహరణ చాలు. మానవ జన్యువుల్లో కొన్నిటి సంక్షిప్త నామాలు ఇంగ్లీషు నెలల పేర్లను పోలి ఉండేవి: మార్చ్1, సెప్ట్2 వంటివి. వాటిని కూడా ఎక్సెల్ తేదీలుగా మార్చేసింది. జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పరిశోధన పత్రాల్లో సుమారు ఐదింట ఒక వంతులో ఈ తప్పు ఉందని 2016లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో జన్యునామాల కమిటీ ఆ జన్యువుల పేర్లనే మార్చింది. యంత్రం అలవాటు మార్చడం కంటే జన్యువు పేరు మార్చడం తేలికైంది. ఈ తరహా మార్పిడి వద్దని చెప్పే వీలు ఎక్సెల్‌లో 2023లో గానీ రాలేదు. ప్రపంచ స్థాయి ప్రయోగశాలలు పడిన గోతిలో ఒక గ్రామ సచివాలయం పడితే అది తెలివితక్కువతనం కాదు. రెండు చోట్లా కారణం ఒకటే: కాలమ్‌లో ఉన్నది ఏ రకం సమాచారమో ఎవరూ ముందుగా ప్రకటించలేదు. మాక్రో రాసేవారు ఆ ప్రకటన చేయక తప్పదు. సర్వే నంబరు కాలమ్‌ను టైపు చేయక ముందే మాటగా నిర్ణయించాలి. గీతకు ముందున్న అంకెను ఒక కాలమ్‌గా, తర్వాతి అంకెను రెండో కాలమ్‌గా, చివరి అక్షరాన్ని మూడో కాలమ్‌గా విడదీయాలి. మూడింటినీ ఆ వరసలో పోల్చమని చెప్పాలి. కొందరు 12/3 అనీ, కొందరు 12-3 అనీ రాస్తే రెండూ ఒకటేనని ముందే చెప్పాలి. పొలం గురించి వీఆర్వోకు తెలిసిన సంగతే ఇది. మాక్రో దాన్ని యంత్రానికి అర్థమయ్యే రాతలోకి తెస్తుంది, అంతే.

ఊళ్ల పేర్ల విషయానికి వస్తే చిక్కు మరో రూపం తీసుకుంటుంది. యర్రగొండపాలెం అని ఒకరు రాస్తారు, ఎర్రగొండపాలెం అని ఇంకొకరు. తెలుగు అక్షర క్రమంలో మొదటిది మార్కాపురానికీ రాచర్లకూ మధ్య చేరుతుంది. రెండోది అర్ధవీడు పక్కన, జాబితా పైభాగంలో ఉంటుంది. దోర్నాల ‘ద’లో ఉంటే పెద్దదోర్నాల ‘ప’లోకి పోతుంది. కంభాన్ని ఇంగ్లీషులో సి అక్షరంతోనూ కొనకనమిట్లను కె అక్షరంతోనూ రాయడం వల్ల ఇంగ్లీషు జాబితాలో దూరమైన ఆ రెండు మండలాలు తెలుగు జాబితాలో దగ్గరవుతాయి. ఇవన్నీ మనుషుల తేడాలు. యంత్రం తేడాలు వేరే ఉన్నాయి. తెలుగు అక్షరాలకు యూనికోడ్ ఇచ్చిన సంకేత సంఖ్యలు భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా రూపొందిన ఇస్కీ అమరిక నుంచి వచ్చాయి. అందులో ‘ళ’ స్థానం ‘ల’ వెంటనే, ‘వ’ కంటే ముందు. మన వర్ణమాలలో అది ‘హ’ తర్వాత. ‘ఱ’ కూడా అంతే, వర్ణమాల చివర ఉండాల్సింది ‘ర’ పక్కకు వచ్చింది. కేవలం సంకేత సంఖ్యలను బట్టి పోల్చే ప్రోగ్రాము, తెలుగు నియమాన్ని బట్టి పోల్చే ప్రోగ్రాము ఒకే జాబితాను రెండు రకాలుగా పేర్చగలవు. ఇక అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లయితే మరీ అన్యాయం. తెర మీద తెలుగు కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. వాటిని సార్టు చేస్తే వచ్చే క్రమానికి ఏ భాషలోనూ అర్థం ఉండదు.

పేర్లను కాకుండా సంకేతాలను బట్టి పేర్చడం దీనికి మంచి విరుగుడు. కేంద్ర ప్రభుత్వపు స్థానిక సంస్థల డైరెక్టరీ ప్రతి జిల్లాకు, మండలానికి, గ్రామానికి ఒక సంకేత సంఖ్య ఇచ్చింది. పేరు ఎలా రాసినా సంఖ్య మారదు. పట్టికలో ఆ కాలమ్ ఉంటే యర్రగొండపాలెం రెండు ఊళ్లుగా చీలదు. కానీ చదివేవారికి సంకేత సంఖ్యల క్రమం ఏమీ చెప్పదు. కొన్ని నివేదికల్లో మండలాలు ఒక నిర్ణీత వరసలోనే ఉండాలి, ఉదాహరణకు గిద్దలూరు వైపు నుంచి మొదలై దోర్నాల వైపు వెళ్లేలా. అందుకోసం ఎక్సెల్‌లో సొంత క్రమాన్ని నమోదు చేసుకోవచ్చు. ఇక్కడ తెలుగు వంటి లిపులు వాడేవారికి ఎదురయ్యే ఒక ఇబ్బంది ఉంది: ఎక్సెల్‌లో మాక్రోలు రాసే కిటికీ యూనికోడ్‌ను సరిగా చూపలేదు. అందులో ‘మార్కాపురం’ అని రాస్తే ప్రశ్నార్థకాల వరస కనిపిస్తుంది. అందుకని తెలుగు పేర్లను మాక్రోలో రాయకుండా, మండలాల క్రమాన్ని విడిగా ఒక షీటులో రాసి, అక్కడి నుంచి చదువుకోమని మాక్రోకు చెప్పాలి. అడ్డంకిలా కనిపించే ఈ పద్ధతి నిజానికి మేలే చేస్తుంది. కోడ్ రాని వ్యక్తి కూడా ఆ షీటు తెరిచి ఏ మండలం ఎందుకు ముందుందో చదవగలడు, తప్పుంటే అక్కడే దిద్దగలడు. నియమం అందరి కళ్ల ముందుకు, అందరి భాషలోకి వచ్చింది.

నష్టం ఎక్కువగా ఉండే చోట ఈ జాగ్రత్త మరీ అవసరం. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల కింద తవ్విన సొరంగాల ద్వారా 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటిని నల్లమల సాగర్‌కు మళ్లించి, కరవు మండలాలకు ఇవ్వాలన్నది లక్ష్యం. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల వంటి ఊళ్లు నల్లమల సాగర్ ముంపులోకి వస్తాయి. 2013 నాటి భూసేకరణ చట్టం వయోజనుడైన ప్రతి వ్యక్తినీ, స్త్రీ అయినా పురుషుడైనా, పెళ్లి కాకపోయినా విడి కుటుంబంగా లెక్కించమంటోంది. కనుక నిర్ణీత తేదీ నాటికి 18 ఏళ్లు నిండాయా లేదా అన్నది పునరావాస జాబితాల్లో అతి ముఖ్యమైన కాలమ్. పుట్టిన తేదీని 03/04/2001 అని రాస్తే అది ఏప్రిల్ 3వ తేదీయా, మార్చి 4వ తేదీయా? అమెరికా పద్ధతిలో ఉన్న కంప్యూటర్ దాన్ని మార్చి 4గా తీసుకుంటుంది. 13/04/2001 వస్తే పదమూడో నెల లేదు గనుక మాటగా వదిలేస్తుంది. సర్వే నంబర్లలో చూసిన జబ్బే ఇది. పుట్టిన తేదీని బట్టి సార్టు చేసి ఒకచోట గీత గీస్తే, గీతకు ఇటువైపు ఉండాల్సిన పేరు అటువైపు పడగలదు. ఒక మనిషికి పరిహారం దక్కడం, దక్కకపోవడం యంత్రంలోని ప్రాంతీయ అమరిక మీద ఆధారపడకూడదు. రోజు, నెల, సంవత్సరం విడివిడి కాలమ్‌లలో తీసుకుని, వాటిని కలిపి తేదీగా మార్చే మాక్రో ఉంటే ఆ అనుమానానికి చోటు ఉండదు. అంతకన్నా ముఖ్యం, అర్హత కోల్పోయిన కుటుంబం ‘ఏ లెక్కన?’ అని అడిగినప్పుడు చూపడానికి ఒక రాత ఉంటుంది.

ఒకటి కంటే ఎక్కువ కాలమ్‌లను బట్టి పేర్చేటప్పుడు తెలుసుకోవాల్సిన ఒక సూత్రం ఉంది. ముందు ఫ్లోరైడ్‌ను బట్టి పేర్చి, ఆ తర్వాత మండలాన్ని బట్టి పేర్చారనుకోండి. ఒకే మండలంలోని ఊళ్లు మునుపటి ఫ్లోరైడ్ క్రమాన్ని చెదరకుండా నిలుపుకుంటే ఆ సార్టును స్థిరమైనదంటారు. ఎక్సెల్ సార్టు అలాంటిదే. అందువల్ల చివర చేసిన సార్టే మొదటి ప్రాధాన్యం అవుతుంది. ఇది తెలియక వరస తలకిందులు చేస్తే ఫలితమూ తలకిందులే. ఇక వేగం సంగతి. వెయ్యి వరుసల్లో ప్రతి జతనూ పోలుస్తూ పోతే 4,99,500 పోలికలు కావాలి. 1945లో జాన్ ఫాన్ నాయ్‌మన్ రూపొందించిన విలీన పద్ధతి ప్రకారం, సగాలుగా చీల్చి పేర్చి తిరిగి కలుపుకుంటూ పోతే దాదాపు పదివేల పోలికలు చాలు. 1959లో మాస్కోలో చదువుకుంటూ టోనీ హోర్ కనిపెట్టిన మరో ప్రసిద్ధ పద్ధతికి ప్రేరణ కూడా మాటల జాబితాయే: రష్యన్ వాక్యాల్లోని మాటలను నిఘంటువులో వెతకడానికి ముందుగా అక్షర క్రమంలో పెట్టాల్సి వచ్చింది. మాక్రో రాసేవారు ఈ పద్ధతులను మళ్లీ కనిపెట్టనవసరం లేదు. పేర్చే పనిని ఎక్సెల్‌లో ఉన్న సార్టుకే అప్పగించి, దేన్ని బట్టి పేర్చాలన్న దాని మీదే బుర్ర పెట్టాలి. వేగం సమస్య పెద్దలు ఎప్పుడో తీర్చేశారు. నియమం సమస్య ప్రతి కార్యాలయం తన పట్టికకు తానే తీర్చుకోవాలి.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో మొదటిది: సార్టుకు మీట ఉండగా మాక్రో ఎందుకు? ఒక్కసారి చూసి పారేసే జాబితాకు మీటే చాలు, అందులో సందేహం లేదు. కానీ నెలనెలా వచ్చే నీటి నమూనాల నివేదికను, ఏటా మారే లబ్ధిదారుల జాబితాను వేర్వేరు చేతులు పేరుస్తాయి. బదిలీ అయి వెళ్లిన ఉద్యోగి ఏ వరసలో ఏ మీటలు నొక్కేవాడో వచ్చినవాడికి తెలియదు. ఈ నెల జాబితా పోయిన నెల జాబితాతో పోల్చదగినదా కాదా అన్నదే అప్పుడు ప్రశ్నార్థకం అవుతుంది.

రెండో అభ్యంతరం బలమైనది: మాక్రోలో తప్పుంటే అదే తప్పు ప్రతి నెలా జరుగుతుంది. నిజమే. రికార్డర్‌తో తయారైన మాక్రోల్లో ఇది తరచూ కనిపించే లోపం. రికార్డు చేసిన రోజు పట్టిక 120వ వరుస దాకా ఉంటే కోడ్‌లో 120 అనే నిలిచిపోతుంది. ఆర్నెల్ల తర్వాత 150 వరుసలుంటే చివరి 30 ఊళ్లు సార్టులో పాల్గొనకుండా అడుగునే ఉండిపోతాయి. మొదటి వరుస శీర్షిక అవునో కాదో ఎక్సెల్‌నే ఊహించుకోమని వదిలేస్తే, ఒకనాడు శీర్షికే పట్టిక మధ్యలోకి వెళ్లవచ్చు. మాక్రో నడిచాక వెనక్కి తీసుకునే మీట పనిచేయదు కూడా. ఇవన్నీ నిజమైన ప్రమాదాలే. కానీ తేడా గమనించండి: చేత్తో చేసిన తప్పు ఒక్కో నెల ఒక్కో రకంగా ఉంటుంది, దాన్ని పట్టుకోలేం. మాక్రోలోని తప్పు ఒక్కచోట, ఒక్క రూపంలో ఉంటుంది. ఒకసారి పట్టుకుని దిద్దితే దాని ఆయుష్షు తీరింది. పట్టిక ఎంతవరకు ఉంటే అంతవరకూ తీసుకోమని, మొదటి వరుస శీర్షికేనని స్పష్టంగా రాయాలి. సార్టుకు ముందే అసలు షీటు నకలు తీయాలి. మొదటి కాలమ్‌లో చెదరని వరుస సంఖ్య ఉంచాలి. దాన్ని బట్టి తిరిగి పేరిస్తే పాత క్రమం ఎప్పుడైనా దొరుకుతుంది.

మూడోది భద్రత. 1999 మార్చిలో మెలిస్సా అనే వైరస్ వర్డ్ మాక్రో రూపంలోనే ఈమెయిళ్ల ద్వారా ప్రపంచమంతా పాకింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి తనంతట తానే అడ్డుకుంటోంది. అది సమంజసమే. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫైలులోని మాక్రోను నమ్మకూడదు. కానీ ఇది ఎవరు రాశారో తెలియని మాక్రోకు వర్తించే అభ్యంతరం. కార్యాలయంలోనే రాసి, నలుగురూ చదివి, తెలిసిన చోట ఉంచిన మాక్రోకు ఇది వర్తించదు. చదవని రాత మీద సంతకం పెట్టకూడదన్న పాత బుద్ధే ఇక్కడా పనికొస్తుంది.

నాలుగో అభ్యంతరం సాంకేతిక నిపుణులది: ముఖ్యమైన సమాచారాన్ని స్ప్రెడ్‌షీట్‌లో ఉంచడమే తప్పు, డేటాబేసులు ఉండగా ఈ అవస్థ ఎందుకు అంటారు. వారి మాటకు గట్టి ఆధారం ఉంది. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు జాతీయ లెక్కల్లోకి చేరకుండా పోయాయి. 65,536 వరుసలు మించి పట్టని పాత ఎక్సెల్ ఫైలు పద్ధతి అందుకు కారణమైంది. లక్షల వరుసలున్న చోట డేటాబేసే సరైన దారి. అయితే ఒక మండలంలోని ఊళ్లు, ఒక ఊరిలోని సర్వే నంబర్లు, ఒక ముంపు గ్రామంలోని కుటుంబాలు స్ప్రెడ్‌షీట్‌లో హాయిగా ఇముడుతాయి. వాటిని చూసుకునే మనిషికి ఎక్సెల్ తెలుసు, డేటాబేసు తెలియదు. పైగా డేటాబేసులోనూ పేర్చే నియమాన్ని రాయక తప్పదు. పరికరం మారుతుంది, నియమాన్ని రాతలో ఉంచాలన్న బాధ్యత మారదు.

చివరిది అన్నిటికంటే లోతైన అభ్యంతరం: రాతలో ఉన్నంత మాత్రాన నియమం న్యాయమైపోతుందా? కాదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరిని ముందు పెట్టాలా, జనాభా ఎక్కువున్న ఊరిని ముందు పెట్టాలా, వేరే నీటి వనరే లేని ఊరిని ముందు పెట్టాలా అన్నది ఏ మాక్రో తేల్చలేదు. అది మనుషులు కూర్చుని తేల్చుకోవాల్సింది. మాక్రో చేయగలిగిందల్లా తేల్చుకున్న మాటను యథాతథంగా అమలు చేయడం, అమలు చేసిందని రుజువు చూపడం. చెడ్డ నియమం రాతలో ఉంటే చెడ్డదని నిరూపించవచ్చు. రాతలో లేని నియమం మంచిదైనా చెడ్డదైనా, దాని గురించి మాట్లాడటానికే ఆధారం ఉండదు.

అందుచేత ఈ పుస్తకం చదివే ఉద్యోగులకు, విద్యార్థులకు, స్వచ్ఛంద కార్యకర్తలకు ఒక విన్నపం. నలుగురి బతుకులకు సంబంధించిన ఏ పట్టికకైనా పేర్చే నియమాన్ని తెలుగులో నాలుగు వాక్యాల్లో ఒక షీటు మీద రాయండి. ఆ నాలుగు వాక్యాలనే మాక్రోగా మార్చండి. ఖాళీ గడులను, అక్షరాలు కలిసిన అంకెలను, తేదీలుగా మారిన నంబర్లను ముందే సరిచూడండి. జాబితాతో పాటు నియమాన్నీ నోటీసు బోర్డు మీద పెట్టండి. ఇక ఆ జాబితాలో తమ ఊరో తమ పేరో వెతుక్కునేవారు, ఎన్నో స్థానంలో ఉన్నామో చూసుకుని ఊరుకోవద్దు. దేన్ని బట్టి పేర్చారని అడగండి. జవాబు చెప్పలేని జాబితాను మళ్లీ పేర్చమని అడిగే హక్కు మీకుంది.